బారుగా నిలబడ్డ అడవి

కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల దగ్గరికి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, గోల్డెన్ గేట్ వంతెన చూపించాక తీసుకెళ్లే చోట్లలో రెడ్‌వుడ్ చెట్ల దారి ఒకటి. పసిఫిక్ తీరం వైపు నుంచి ఉత్తరంగా సాగే 101 రహదారి, దాని పక్కన వంద మీటర్ల దాకా లేచిన మానులు, అదృష్టం బాగుంటే రోడ్డు వార పచ్చికలో మేస్తున్న ఎల్క్ జింకలు. తిరిగొచ్చిన పెద్దవాళ్లు ఇరుగుపొరుగుకు ఆ ఫొటోలు చూపించి, అడవిలోంచి రోడ్డు ఎంత బాగా వేశారో అని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. అయితే ఆ ఫొటోలు చూస్తున్నవాళ్లలో మొయినాబాద్, చేవెళ్ల, జన్వాడల వాళ్లు ఉన్నా, తమ పక్కనున్న బీజాపూర్ రోడ్డు కూడా ఆ కోవకు చెందిందేనని వాళ్లకు తట్టదు. తట్టకపోవడానికి కారణం ఉంది. అక్కడ అడవి ముందు పుట్టింది, రోడ్డు తరవాత వచ్చింది. ఇక్కడ రోడ్డు ముందు పడింది, అడవి వచ్చి దాని అంచున బారుగా నిలబడింది. అలా వచ్చిన దాన్ని అడవి అనడానికి మనకు నోరు రాదు. చెట్లు అంటాం, నీడ అంటాం, ఈ మధ్య వారసత్వ సంపద అని కూడా అంటున్నాం. అడవి అని మాత్రం అనం. నేను ఇక్కడ వాదించబోయేది అదే. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల వరస ఒక అడవి. దాన్ని అడవిగా చూడనందువల్లే దాని విషయంలో మన లెక్కలన్నీ తప్పుతున్నాయి.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే ఈ రోడ్డుకు కాగితాల్లో 163వ నంబరు జాతీయ రహదారి అని పేరు. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ పొడవునా రెండు పక్కలా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో నాటినవని ఈ ప్రాంతంవాళ్ల మాట. సముద్రం లేదు గానీ ఈ దారికి తీరం కూడా ఉంది. మొయినాబాద్‌కు ఒక పక్క గండిపేట, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. జన్వాడ గండిపేటకు అవతలి వైపు, శంకరపల్లి మండలంలో ఉంటుంది. మన్నెగూడ దగ్గర వికారాబాద్ వైపు తిరిగితే అనంతగిరి కొండలు, మూసీ పుట్టే చోటు. అంటే చెరువుల నుంచి బయల్దేరి, నీళ్లు వచ్చిన దిక్కుగా ఎదురెక్కి, ఊట దాకా వెళ్లే ప్రయాణం ఇది. ఒక్క పూటలో అయిపోతుంది. దారిలో జామకాయలు, కాల్చిన కంకులు అమ్మేవాళ్లు ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో కచ్చితంగా తెలిసినవాళ్లు. ఈ రోడ్డు మీద వాళ్లకున్న అవగాహన దాన్ని డిజైన్ చేసేవాళ్లకు కూడా ఉండి ఉంటే చాలా తగవులు తగ్గేవి.

నాటిన చెట్లు అడవి ఎలా అవుతాయి అన్నది మొదటి అభ్యంతరం. మొక్కజొన్న చేను అడవి కాదు, యూకలిప్టస్ తోట అడవి కాదు, మరి మనిషి గుంట తీసి పాతిన మర్రిబారు ఎందుకు అడవి కావాలి? ప్రశ్న సబబైనదే. కానీ ఈ ప్రాంతంలో మనిషి చెయ్యి పడని ప్రకృతి కోసం వెతికితే దొరికేది తక్కువ. గండిపేట మనిషి కట్టిందే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదకు అడ్డుగా కట్టిన జలాశయాలివి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. చలికాలంలో అక్కడ దిగే వలస బాతులు ఈ చెరువు సహజమైనదా, ఇంజనీర్లు గీసిందా అని ఆరా తీయలేదు. నీళ్లున్నాయి, తిండి ఉంది, దిగాయి. ఒక చోటు అడవి అవునా కాదా తేల్చవలసింది దాన్ని ఎవరు మొదలుపెట్టారన్న దాన్ని బట్టి కాదు, ఇప్పుడు అందులో ఎవరు బతుకుతున్నారు, ఎలా బతుకుతున్నారన్న దాన్ని బట్టి. యూకలిప్టస్ తోట ఈ పరీక్షలో తప్పుతుంది. అందులో పిట్టకు తినడానికి పండే ఉండదు. మర్రి తప్పదు. ఎందుకు తప్పదో చెప్పాలంటే మర్రిపండు కడుపులోకి చూడాలి.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయన్న సంగతి వేమన పుణ్యమా అని తెలుగునాట బడికెళ్లిన ప్రతివాడికీ తెలుసు. పద్యంలో ఆ పురుగు పైకి చూపే బింకం కింద దాగిన పిరికితనానికి గుర్తు. వృక్షశాస్త్రం చెప్పే కథ వేరు. మేడి, రావి, జువ్వి, మర్రి అన్నీ ఒకే కుటుంబం. మనం పండు అనేది నిజానికి పువ్వుల గుత్తి, వందల చిన్న పువ్వులు లోపలికి తిరిగి ఒక సంచిలో మూసుకుపోయి ఉంటాయి. బయట నుంచి తేనెటీగ వచ్చి వాలడానికి వీల్లేదు. యుప్రిస్టినా మాసోని అనే ఒక చిన్న కందిరీగ, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఆ సంచి కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు కూడా ఊడిపోతాయి. లోపల కొన్ని పువ్వులకు పుప్పొడి అంటిస్తుంది, కొన్నింటిలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లలు లోపలే పెరిగి, ఆడవి ఒంటినిండా పుప్పొడి పూసుకుని బయటికొచ్చి ఇంకో మర్రిచెట్టును వెతుక్కుంటూ పోతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆ లోపు గాలివాటున ఎగిరి, సరిగ్గా లేతకాయ దశలో ఉన్న చెట్టును పట్టుకోవాలి. మర్రికి ఈ కందిరీగ తప్ప దిక్కు లేదు, కందిరీగకు మర్రి తప్ప ఇల్లు లేదు. పద్యకారుడు అసహ్యించుకున్న పురుగు లేకపోతే పండులో గింజే లేదు.

ఇందులో మన వాదానికి పనికొచ్చే మెలిక ఒకటుంది. ఒకే చెట్టు మీది కాయలు దాదాపు అన్నీ ఒక్కసారే ఒకే దశకు వస్తాయి. కందిరీగలు బయటపడే రోజుకు ఆ చెట్టు మీద వాటిని లోపలికి రానిచ్చే లేతకాయ ఉండదు. కాబట్టి అవి బతకాలంటే అదే సమయానికి ఇంకెక్కడో ఇంకో మర్రి సిద్ధంగా ఉండాలి. ఒంటరి మర్రి ఎంత పెద్దదైనా తన కందిరీగ వంశాన్ని తాను నిలబెట్టుకోలేదు. చాలా చెట్లు కావాలి, అవి వేరువేరు వేళల్లో కాయాలి, ఒకదానికొకటి అందుబాటులో ఉండాలి. తొమ్మిది వందల చెట్లు ఒక గీత మీద, చాలాచోట్ల ఒకదానికొకటి దగ్గరగా నిలబడితే ఈ మూడు షరతులూ నెరవేరుతాయి. ఒక చెట్టు పండి రాలిపోయేసరికి పక్క కిలోమీటరులో ఇంకొకటి పండుకొస్తుంది. ఎండాకాలంలో చుట్టూ ఉన్న చేలు బీడుపడి, కుంటలు ఎండి, పొదలు ముళ్లుగా మిగిలినప్పుడు కూడా ఇక్కడ ఎక్కడో ఒకచోట ఎర్రటి పండు ఉంటుంది. పళ్లు తినే జంతువులకు ఏడాదిలో అతి కష్టమైన నెలల్ని దాటించేది ఇదే. ఉష్ణదేశాల అడవుల మీద పనిచేసినవాళ్లు మర్రి జాతికి అంత ప్రాధాన్యం ఇచ్చేది కూడా ఈ లక్షణాన్ని చూసే.

తినేవాళ్ల జాబితా పెద్దది. గోరింకలు, రామచిలుకలు, కోకిలలు, పొద్దున్నుంచీ సుత్తి మోత మోగించే కంసాలి పిట్టలు, ఆకుల రంగులో కలిసిపోయి వంద ఉన్నా కనపడని పచ్చ పావురాలు, ముక్కు బరువుతో ఎగరడానికి తంటాలు పడుతున్నట్టు కనిపించే బూడిదరంగు హార్న్‌బిల్‌లు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే గులాబీరంగు గోరింకల గుంపులు. చీకటి పడగానే గబ్బిలాలు, వాటి తరవాత ఎక్కువగా చెట్ల మీదే బతుకు వెళ్లదీసే మానుపిల్లి. పండు తినకపోయినా తొర్రల్లో కాపురముండే పైడికంటెలు. కింద రాలిన పండు కోసం ఉడుతలు, చీమలు, మేకలు. వీళ్లు తిని పోరు, గింజను మోసుకుపోతారు. పిట్ట కడుపులోంచి వచ్చిన మర్రిగింజ బావి గోడ పగుల్లో, తాటిచెట్టు మట్టల సందులో, పాత సమాధి మీద కూడా మొలుస్తుంది. చేవెళ్ల చుట్టుపక్కల తాటిచెట్టును కావలించుకున్న పిల్లమర్రి కనిపిస్తే దాని తల్లి ఈ రోడ్డు మీదిదే అయి ఉండవచ్చు. నాటినవాళ్లు రోడ్డు అంచున నాటి వదిలేశారు, ఆ పని ఇప్పటికీ కొనసాగిస్తున్నది పిట్టలు. తనంతట తాను మళ్లీ మొలిచేదాన్ని తోట అనడం కష్టం.

దీన్ని అడవిగా గుర్తించకపోవడానికి ఇంకో కారణం, అడవికి వెళ్లేది ఎందుకన్న విషయంలో మన అలవాటు. జంతువుల్ని చూడడానికి వెళ్తాం, చూడడమంటే పెద్దదాన్ని చూడడం. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర జాతీయ రహదారి మీద చిరుతపులి కనపడితే రాష్ట్రమంతా టీవీలకు అతుక్కుపోయింది. చిలుకూరులో మృగవని జాతీయ ఉద్యానం ఉంది, నాలుగు చదరపు కిలోమీటర్లకు లోపే. కంచె లోపల దుప్పులు, అడవిపందులు, నెమళ్లు. వారాంతంలో అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది బీజాపూర్ రోడ్డు మీదుగానే వెళ్తారు, కంచె దగ్గరికి చేరాకే అడవి మొదలైందనుకుంటారు. నాకు మృగవని మీద చిన్నచూపు లేదు. నగరం అంచున అంత చోటు మిగలడమే గొప్ప. కానీ టికెట్టు కొని లోపలికెళ్లి దుప్పి కోసం గంటసేపు చూసి కనపడలేదని నిరుత్సాహపడే మనిషి, దారిలో పండిన మర్రి కింద పావుగంట ఆగితే చూడగలిగేది అంతకన్నా ఎక్కువ. ఆ పావుగంటకు టికెట్టు లేదు, బోర్డు లేదు, అందుకని అది చూడడం కిందికి రాదు. రెడ్‌వుడ్ దారిలో ఆగుతాం గదా, ఎందుకు? ఇది అడవి అని ఎవరో ముందే చెప్పారు కాబట్టి.

పైగా అడవి అని కాగితాల్లో రాసి ఉన్నది కూడా అంత గట్టిదేం కాదు. మన్నెగూడకు దగ్గరలోనే పూడూరు మండలంలో దామగుండం రిజర్వు అటవీ భూమి ఉంది. అందులో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళం రేడియో కేంద్రానికి వెళ్లింది, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాన్ని కాదనే తగవు ఇక్కడ పెట్టుకోను. చెప్పదలచింది ఒక్కటే. చుట్టుపక్కల అడవి చిక్కిపోతున్నకొద్దీ మిగిలిన ముక్కల్ని కలిపే చెట్లబారుకు విలువ పెరుగుతుంది. అటు అనంతగిరి, ఇటు చిలుకూరు, నడుమ చేలు. ఆ చేలను నీడలోంచి నీడలోకి దాటడానికి పిట్టకూ గబ్బిలానికీ ఉన్న ఒక్క పొడుగాటి వంతెన ఈ రోడ్డే.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర లోడుతో ఎదురొచ్చిన టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. ఇరవై మంది దాకా చనిపోయారు. చదువుకునే ఆడపిల్లలు, ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, చంటిపిల్ల ఉన్న తల్లి. ఆ రోజు నుంచి ఈ రోడ్డు గురించి మాట్లాడే ఎవరైనా ముందు ఆ కుటుంబాల ముఖం చూసి మాట్లాడాలి. చెట్ల కోసం కేసులు వేసి విస్తరణ ఆపినందువల్లే ఈ చావులని చాలామంది కోపంగా అన్నారు. ఆ కోపాన్ని తప్పుపట్టలేం. రెండు వరసల ఇరుకు రోడ్డు మీద, మధ్యలో డివైడర్ లేకుండా, టిప్పర్లూ బస్సులూ ఎదురెదురుగా పరిగెత్తడం ప్రమాదమని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. రోడ్డు వెడల్పు కావాలి. ఇందులో రెండో మాటకు తావు లేదు, చెట్ల పక్షాన మాట్లాడేవాళ్లు ఈ మాట ముందే, గొంతు నసగకుండా ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక మిగిలే ప్రశ్న, వెడల్పు ఎటు కావాలి అన్నది. ఎదురెదురు ప్రమాదాన్ని ఆపేది రానూపోనూ దారుల్ని విడగొట్టడం. విడగొట్టే పని చెట్ల వరస చేయగలదు. ఉన్న రోడ్డును ఉన్నట్టే ఒక దిక్కు బండ్లకు వదిలేసి, చెట్ల వరసకు అవతల కొత్త దారి వేస్తే నడుమ మర్రిచెట్లే డివైడర్. రెడ్‌వుడ్ దేశంలో చేసింది దాదాపు ఇదే. అక్కడ 101 రహదారి పాత దారి మహావృక్షాల మధ్యగా పోయేది. బండ్లు పెరిగాక పక్కన కొత్త రహదారి వేసి, పాత దాన్ని నెమ్మదిగా పోయే దారిగా ఉంచారు. ఇవాళ ఎవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ అని మనవాళ్లు ఫొటోలు దిగేది ఆ పాత దారి మీదే. పొడవు 50 కిలోమీటర్లు, మన దానికన్నా ఏ నాలుగో ఎక్కువ. ఇంకా ఉత్తరాన ప్రెయిరీ క్రీక్ దగ్గర కూడా 1992లో బైపాస్ తెరిచి పాత రోడ్డును ఎల్క్‌లకూ చూడవచ్చినవాళ్లకూ వదిలారు. అది డబ్బున్న దేశం, మనకు కుదరదంటారు. కుదరకపోవడానికి డబ్బు ఒక కారణమే, కానీ అది తారు ఖర్చు కాదు, భూమి ధర. మొయినాబాద్, చేవెళ్లల్లో ఎకరం కోట్లలోకి వెళ్లాక చెట్టు అవతలి జాగా సేకరించడం కంటే చెట్టును తీసేయడం చవక. రోడ్డు భద్రత పేరు మీద మనం చేసే లెక్కలో చాలా భాగం ఈ ధరల లెక్కే. దాన్ని ఆ పేరుతోనే పిలిస్తే చర్చ సూటిగా ఉంటుంది. ఆ మధ్య ఏళ్ల తరబడి జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన వివాదం చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి కొన్నింటిని తరలించే దారికి వచ్చింది. అంటే దారి మొదటి నుంచీ ఉంది. వెతకడానికి పట్టిన కాలమే ఖరీదైంది.

ప్రాణాలా చెట్లా అని పోటీ పెట్టడం హైదరాబాద్‌కు చరిత్ర రీత్యా కూడా నప్పదు. 1908 వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని నగరం చెప్పుకుంటుంది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దీన్నిబట్టి చెట్టు ఎప్పుడూ మనిషిని కాపాడుతుందని సూత్రం కట్టను. ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చుకోలేమని మాత్రం అంటాను. ఇవాళ తారు రోడ్డు మీద ఏప్రిల్ ఎండలో బైకు మీద పోయే మనిషికి, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మకు, నాలుగు వరసల కాంక్రీటు పరచి మొక్కలు లేకుండా చేసిన రోడ్డు ఏం చేస్తుందో ప్రమాదాల రిజిస్టర్‌లో ఎక్కదు.

ఇంకో అభ్యంతరం చెట్ల పక్షంవాళ్లు సాధారణంగా ఎత్తరు గానీ, అది నాకు అన్నిటికన్నా చిక్కైనదిగా తోస్తుంది. పండే చెట్లను రోడ్డు మీద ఉంచడమంటే జంతువుల్ని బండ్ల కిందికి పిలవడం కదా? మానుపిల్లి, ఉడుత, తక్కువ ఎత్తులో ఎగిరే పిట్ట, రాత్రి లైట్ల వెలుగుకు కళ్లు బైర్లు కమ్మిన పైడికంటె, వీటన్నిటికీ ఈ అడవి ఉచ్చు కూడా. నిజమే. రెండు పక్కలా కొమ్మలు పైన కలుసుకుని ఉన్నంతకాలం చెట్టెక్కి తిరిగేవాటికి నేల మీదికి దిగే పని ఉండదు. నడుమ నాలుగైదు చెట్లు పోయి కప్పు తెగితే దిగుతాయి. కాబట్టి ఈ అభ్యంతరం చెట్లు తీసేయడానికి సాయం చేయదు, వరస తెగకుండా ఉంచడానికి సాయం చేస్తుంది. దీనికి రెండో జవాబు వేగం. పాత రోడ్డును నెమ్మది దారిగా ఉంచడం ఎల్క్‌కు పనికొచ్చినట్టే మానుపిల్లికీ పనికొస్తుంది.

ఇక్కడికి వచ్చాక తలల లెక్క ఎందుకు తప్పో తెలుస్తుంది. ఇన్ని చెట్లలో ఇన్నే పోతాయి, మిగతావి ఉంటాయి అని వినగానే బేరం కుదిరినట్టు అనిపిస్తుంది. కానీ పోయేవి ఎక్కడివి? ఊరవతల చెదురుమదురుగా పోతే నష్టం ఒక రకం. ఒకే చోట రెండు కిలోమీటర్లు వరసగా పోతే నష్టం వేరు. అక్కడ వంతెన తెగింది. కందిరీగ దూరానికి, గబ్బిలం దారికి, కొమ్మల కప్పుకు అది పోయిన చెట్ల సంఖ్య కన్నా ఎంతో పెద్ద నష్టం. హారంలో పూసల లెక్క చెప్పి దారం మాట ఎత్తకపోతే ఎలా? ఒక్కో చెట్టుకు నంబరు వేసి లెక్కకట్టినవాళ్ల శ్రమ గొప్పదే. అయితే ఇక నంబర్ల పక్కన దూరాల పట్టిక కూడా ఉండాలి. ఏ చెట్టుకూ తరవాతి చెట్టుకూ మధ్య ఎంత ఖాళీ, పని పూర్తయ్యాక ఎంత అవుతుంది.

తరలింపు ఉందిగా అంటారు. ఇందులో నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తరలిస్తే బతికే చెట్లలో మర్రి ముందు వరసలో ఉంటుంది. కొమ్మ నరికి పాతినా వేరు పట్టే జాతి అది. కానీ లారీ ఎక్కించడానికి కొమ్మలన్నీ నరుకుతారు, ఊడలు కోస్తారు, వేళ్ల చుట్టూ మట్టిముద్ద మిగులుతుంది. కొత్తచోట నిలబడేది మోడు. మళ్లీ చిగురిస్తుంది, సందేహం లేదు. తొర్ర పడడానికి, ఊడ నేలను తాకి మానుగా మారడానికి, రెండు చెట్ల కొమ్మలు రోడ్డు మీద కలవడానికి మాత్రం ఒక తరం చాలదు. పైగా కొత్తచోటు ఎక్కడ? వరస నుంచి తీసి ఏ ప్రభుత్వ ఖాళీ జాగాలోనో గుంపుగా పాతితే చెట్టు బతికినట్టు, అడవి చచ్చినట్టు. నాటి వదిలేస్తే అదీ ఉండదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లదని పేరు, కాపలా ఉన్న పర్యాటక స్థలం. దానికే 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగి పడుతుంటే, సెలైన్ సీసాల్లో మందు నింపి మానుకు బొట్టుబొట్టుగా ఎక్కించి నిలబెట్టవలసి వచ్చింది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాలకు పైగా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది, దానికీ కొత్త ఊడలకు దారిచూపే మనుషులు కావాలి. పేరున్న ఒంటి చెట్లకే అంత సేవ అవసరమైతే పేరులేని తొమ్మిది వందలకు ఎంత కావాలో ఆలోచించాలి.

ఈ బాధంతా వారాంతంలో కెమెరాలతో వచ్చే నగరంవాళ్లది, రోజూ ఆ రోడ్డు మీద తిరిగే రైతుకు కాదు అన్న మాటా ఉంది. అందులో కొంత నిజం ఉంది కూడా. టమాట ట్రాలీతో మార్కెట్టుకు తెల్లవారక ముందే చేరవలసినవాడికి హార్న్‌బిల్ ఒక లెక్క కాదు. కానీ ఈ ప్రాంతం ఇంకా ఊరిలా ఉండడానికి కారణం చెట్లతో పాటు ఒక కాగితం కూడా. 1996 మార్చిలో వచ్చిన 111 నంబరు జీవో, జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. జన్వాడ వాటిలో ఒకటి. భూమి ధర పెరగక ఈ గ్రామాల రైతులు నష్టపోయారన్న ఫిర్యాదు చాలా ఏళ్లది, తోసిపుచ్చదగ్గదీ కాదు, ముఖ్యంగా హద్దులున్నా ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు లేచిపోవడం కళ్లారా చూస్తూ ఊరుకోవలసి వచ్చినవాళ్ల నోట. 2022 తరవాత ఆ హద్దులు సడలించే ప్రయత్నాలు మొదలయ్యాయి. చేలు ప్లాట్లు అయితే మర్రిబారుకు రెండు పక్కలా గోడలు లేస్తాయి. చేనులోకి పోయిన వేళ్లు పునాదులకు అడ్డం వస్తాయి, ఊడలు కరెంటు తీగలకు అడ్డం వస్తాయి. అప్పుడు హైవే కోసం కాపాడిన చెట్టును గేటెడ్ కమ్యూనిటీ గేటు కోసం కొట్టేస్తారు. నీళ్ల కోసం పెట్టిన హద్దుల మూల్యాన్ని ఒక్క రైతు మీదే వేసి ఊరుకుంటే ఏ చెట్టూ నిలవదు. ఆ మూల్యం ఆ నీళ్లు తాగిన నగరం కట్టాలి.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. బాటల వెంట బావులు తవ్వించాననీ, పశువులకూ మనుషులకూ పనికొచ్చేలా చెట్లు నాటించాననీ అందులో ఒకచోట ఉంది. రెండు వేల రెండు వందల ఏళ్ల క్రితం రోడ్డు ఖర్చులో పశువు వాటా కూడా రాసిన పద్దు అది. మన రహదారి అంచనాల్లో ఆ పద్దు లేదు. చెట్టు అందులో తొలగించవలసిన అడ్డంకిగానో, నష్టపరిహారంగా నాటే మొక్కగానో వస్తుంది. పరిహారపు మొక్కలు కూడా చాలాచోట్ల త్వరగా ఎదిగి ఫొటోకు పచ్చగా కనిపించేవే. ఏ పిట్టా వాటి పండు తినదు.

పని ఇప్పుడు జరగవలసింది ఉన్న ఖాళీల్లో. తుఫాను గాలికి పడినవి, ఎండినవి, దుకాణాల కోసం మంట పెట్టి చంపినవి పోగా వరసలో ఇప్పటికే సందులున్నాయి. తరలించక తప్పని చెట్లను దూరం తీసుకెళ్లకుండా మొదట ఆ సందుల్లోనే పాతాలి. మిగిలిన సందులకు నర్సరీ మొక్క కోసం చూడక్కర్లేదు. చెయ్యంత లావు మర్రికొమ్మ అదే రోడ్డు మీది చెట్టు నుంచి కోసి, తొలకరికి లోతుగా పాతి, మేకలు అందుకోకుండా ముళ్లకంప చుట్టి, రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే నిలబడుతుంది. ఆ నీళ్లు పోసే పని పక్క పొలం రైతుకు అప్పజెప్పి, చెట్టుకింత అని నెలనెలా ఇవ్వాలి, రోడ్డు కాంట్రాక్టులోనే ఆ సొమ్ము చూపాలి. ఏ సందులో ఎవరి పొలం ముందు ఏ కొమ్మ పాతారో పంచాయతీ గోడ మీద రాసి పెడితే, ఎండిపోయినప్పుడు ఎవరిని అడగాలో ఊరికి తెలుస్తుంది.